వాహన చోరీల నివారణ: కారు కంప్యూటర్ సమాచారం ఎవరికి అందాలి?

ఆధునిక కార్లలో స్టీరింగు దిగువన చిన్న సాకెట్టు ఒకటి ఉంటుంది. ఇంజను, బ్రేకులు, పొగ నియంత్రణ వ్యవస్థల్లోని లోపాలను మెకానిక్ తన పరికరం ద్వారా ఇక్కడి నుంచే తెలుసుకుంటాడు. దీనినే డయాగ్నస్టిక్ పోర్టు అంటారు. కాలుష్య నియంత్రణ నిమిత్తం దీనిని అమెరికా 1996 నుంచి, పెట్రోలు కార్లకు ఐరోపా యూనియన్ 2001 నుంచి తప్పనిసరి చేశాయి. భారతదేశంలో భారత్ స్టేజ్-4 ప్రమాణాలతోపాటు 2010లో ఇటువంటి ఏర్పాటు ప్రవేశించింది.

పలు కార్లలో కొత్త తాళంచెవిని నమోదు చేసేది కూడా ఈ పోర్టు ద్వారానే. చిక్కంతా ఇక్కడే ఉంది. అద్దం పగులగొట్టి లోనికి చేరిన దొంగలు ఖాళీ తాళంచెవిని నమోదు చేసుకుని, నిమిషాల వ్యవధిలో ఖరీదైన కార్లతో ఉడాయించడం 2012 ప్రాంతంలో బ్రిటన్‌లో తీవ్ర సమస్యగా పరిణమించింది. సరైన తాళంచెవి లేనిదే ఇంజనును కదలనివ్వని ఇమ్మొబిలైజర్ సైతం వారిని ఆపలేకపోయింది.

పోర్టును కంపెనీ వర్క్‌షాపులకే పరిమితం చేస్తే సరిపోతుందని కొందరు వాదిస్తారు. అలా చేస్తే దొంగతోపాటు స్వతంత్ర మెకానిక్ ఉపాధి కూడా పోతుంది. యజమాని కంపెనీ అడిగినంత చెల్లించక తప్పదు. ఇది కేవలం ఊహ కాదు. విడిభాగాలను, డయాగ్నస్టిక్ పరికరాలను స్వతంత్ర మరమ్మతుదారులకు అందనీయడం లేదన్న ఫిర్యాదుపై భారత కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు 2,544.65 కోట్ల రూపాయల జరిమానా విధించింది. దీనిపై కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి.

ఐరోపా యూనియన్ ఎంచుకున్న మార్గం వేరు. పోర్టును మూసివేయడానికి బదులు, దానిని వాడే వ్యక్తిని పరిశీలించాలని 2021లో నిబంధన తెచ్చింది. చోరీ నిరోధక వ్యవస్థల సమాచారం కోరే స్వతంత్ర వర్క్‌షాపు, అందులో ఆ పని చేసే ఉద్యోగి గుర్తింపు పొందిన సంస్థ తనిఖీకి లోబడాలి; నేరచరిత్ర లేదని రుజువు చూపాలి. ఆపైనే డిజిటల్ ధ్రువపత్రం లభిస్తుంది. సెర్మి అని పిలిచే ఈ పథకం 2023 ఆగస్టు నుంచి సభ్యదేశాల్లో దశలవారీగా అమలులోకి వచ్చింది. సాధారణ మరమ్మతులకు ఈ ధ్రువపత్రంతో పనిలేదు.

భద్రత పేరిట తయారీదారులు చట్టంలో లేని షరతులు విధించరాదని ఐరోపా న్యాయస్థానం 2023 అక్టోబరు 5న తీర్పు చెప్పింది. ఇది చిన్న వర్క్‌షాపులకు పెద్ద ఊరట.

అయితే ఇంట్లోని తాళంచెవి సంకేతాన్ని దూరానికి అందించి చేసే చోరీలను ఈ పథకం ఆపజాలదు. వాటికి తయారీలోనే జాగ్రత్త అవసరం. పాత కార్లు కొనేవారు రెండు తాళంచెవులూ అడిగి తీసుకోవాలి. ఎన్ని తాళంచెవులు నమోదై ఉన్నాయో నమ్మకమైన వర్క్‌షాపులో పరీక్షింపజేసి, తమ వద్ద లేనివాటిని రద్దు చేయించుకోవడం శ్రేయస్కరం.