పాత ఖైదీ ప్రార్థనకు వస్తే

ఆంధ్రప్రదేశ్ జైళ్ల శాఖ డైరెక్టర్ జనరల్ గారికి,

శిక్ష పూర్తిచేసుకున్న వ్యక్తి క్రైస్తవ పరిచర్య కోసం, అంటే ఖైదీలకు వాక్యం వినిపించి వారితో కలిసి ప్రార్థించే సేవ కోసం, నెల్లూరు దగ్గరి చెముడుగుంట కేంద్ర కారాగారానికి అర్జీ పెట్టుకుంటే, పోలీసు విచారణలో తేలే పాత కేసు ఒక్కటే అతన్ని తిప్పి పంపడానికి కారణం కారాదన్నది మీ ముందుంచుతున్న విషయం.

ఇందుకు ఉదాహరణ ఉంది: అమెరికాలో వాటర్‌గేట్ రాజకీయ కుంభకోణం వ్యవహారంలో ఏడు నెలలు జైలులో ఉన్న చార్లెస్ కోల్సన్ 1976లో ప్రిజన్ ఫెలోషిప్ అనే క్రైస్తవ పరిచర్య సంస్థను స్థాపించి, ఖైదీల మధ్యకే తిరిగి వెళ్లాడు.

మన తీరంలోనూ అలాంటివారి అవసరం ఉంది. మైపాడు, జువ్వలదిన్నె వంటి తీరగ్రామాలకు విడుదలై వెళ్లే వ్యక్తికి మొదటి వారంలోనే ఎదురయ్యేవి పడవలో మళ్లీ చోటిస్తారా, వలల మీద చేసిన అప్పు ఎంతకు పెరిగింది, పిల్లలు దగ్గరకు వస్తారా అన్న ప్రశ్నలు. వీటికి అనుభవంతో బదులు చెప్పగలవాడు ఆ దారిన నడిచినవాడే. పాస్టరు గారు ఎంత మంచివారైనా ఆ లోటు తీర్చలేరు.

సెల్‌ఫోన్లు, గంజాయి, ముఠాల కబుర్లు లోపలికి చేరతాయన్న మీ శాఖ జాగ్రత్త సబబే అయినా, గేటు వద్ద సోదా, సిబ్బంది సమక్షంలో కూడిక అందుకు చాలును. ఖైదీల పట్ల పాటించవలసిన కనీస ప్రమాణాలుగా ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల్లో 65వది, మత ప్రతినిధిని కలిసే అవకాశం నిరాకరించరాదంటూనే, ఇష్టంలేని ఖైదీ వైఖరిని గౌరవించాలంటుంది. కనుక హాజరు పూర్తిగా స్వచ్ఛందంగా ఉండాలి.

కాబట్టి ప్రతి అర్జీని విడిగా పరిశీలించి, విడుదల తర్వాతి నడవడిని లెక్కలోకి తీసుకుని, 30 రోజుల్లో రాతపూర్వకంగా, నిరాకరిస్తే కారణం చూపి, బదులివ్వాలని సూపరింటెండెంట్లకు మీరు సర్క్యులర్ పంపాలనీ, దానిని అన్ని మతాల సేవకులకూ వర్తింపజేయాలనీ కోరడమైనది.

ఇట్లు,
నెల్లూరు తీరవాసి