కోడీన్ సిరప్.. దగ్గుకు మందా? మత్తుకు దారా?

దగ్గు రాగానే మెడికల్ షాపుకెళ్లి సిరప్ తెచ్చుకోవడం మనకు మామూలే. కానీ ఆ సీసాలో కోడీన్ ఉంటే మాత్రం లెక్క వేరు. ఇది నల్లమందు జాతికి చెందిన ఓపియాయిడ్. మెదడు స్థాయిలో దగ్గును అణచి, ఆగకుండా వేధించే పొడిదగ్గుకు ఉపశమనం ఇస్తుంది. కఫం ఉన్న దగ్గుకు ఇది సరిపడదు.

అసలు ముప్పు ఎక్కడంటే.. కోడీన్ లివర్‌లో మార్ఫిన్‌గా మారుతుంది. కొందరిలో జన్యుపరంగానే ఈ మార్పు చాలా స్పీడ్‌గా జరుగుతుంది. వాళ్లకు మామూలు డోసు కూడా ఎక్కువైపోయి, శ్వాస మందగించి ప్రాణాల మీదకు రావచ్చు. ఈ తేడా పైకి కనిపించదు. అందుకే అమెరికా ఎఫ్‌డీఏ 2018లో ఓపియాయిడ్ దగ్గు మందులను 18 ఏళ్లు నిండినవారికే పరిమితం చేసింది. మద్యం, నిద్రమాత్రలు తోడైతే పెద్దలకూ డేంజరే. ఎక్కువ రోజులు వాడితే అలవాటుగా మారుతుంది.

మన దేశంలో కోడీన్ షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేకుండా అమ్మకూడదు. డాక్టర్, పేషెంట్ వివరాలు రిజిస్టర్‌లో రాసి 3 ఏళ్లు దాచాలి. 2016 మార్చిలో కేంద్రం నిషేధించిన 344 కాంబినేషన్ మందుల్లో కోడీన్ సిరప్‌లూ ఉన్నాయి. డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వులు కొట్టేసింది. 2023 జూన్‌లో కోడీన్-క్లోర్‌ఫెనిరమిన్ సిరప్ సహా 14 కాంబినేషన్లపై కేంద్రం మళ్లీ నిషేధం విధించింది.

అయితే నిషేధం ఒక్కటే సరిపోదు. బంగ్లాదేశ్ 1982లోనే ఫెన్సిడిల్‌ను బ్యాన్ చేసినా, సరిహద్దు దాటి స్మగ్లింగ్ ఆగలేదు. రూల్ పేపర్ మీద ఉంటే చాలదు.. షాపు కౌంటర్ దగ్గర అమలవ్వాలి. సిరప్ కొనేముందు లేబుల్‌పై కోడీన్ పేరుందేమో చూడండి. పాత సీసాలో మిగిలిన మందు పిల్లలకు అస్సలు పట్టొద్దు.