వేడి ఎక్కడికీ పోదు



వేసవి సెలవుల్లో హైదరాబాదు పోయి, వారాసిగూడలో మా అన్న గదిలో ఉన్నాను. అన్న ఉస్మానియాలో చదువుతున్నడు. కంప్యూటర్లో 'ఆక్సిజన్ నాట్ ఇంక్లూడెడ్' అనే ఆట చూపించిండు. అందులో నేల కింద ఇల్లు కట్టుకొని బతకాలి. యంత్రాలు వేడి పుట్టిస్తయి. వేడెక్కితే పంట ఎదగదు. ఒక గది చల్లబరిస్తే ఆ వేడి ఇంకో చోట చేరుతుంది. నాలుగుసార్లు ఓడిపోయిన.

ఆట ఆపి చూస్తే మా గది కూడా అంతే! పక్క మేడ ఏసీ వాళ్లకు చల్లగాలి ఇచ్చి, వేడిగాలి మా కిటికీ మీదికి వదులుతది. పైన రేకులు. రాత్రి నిద్ర రాలేదు. మా గూడెంలో మట్టిగోడల గడ్డి ఇంట్లో ఇంత ఉడకదు.

వేడిని పక్కవాళ్ల మీదికి తోసే కన్నా లోపలికి రానియ్యకపోవడమే మంచిదని నా అభిప్రాయం. పైకప్పుకు తెల్ల సున్నం వేస్తే ఎండ చాలావరకు తిరిగి పైకే పోతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. అందులో ప్రభుత్వ భవనాలు కూడా ఉన్నాయి. మరి మన హాస్టలు ప్రభుత్వానిదే కదా?

స్లాబు కింద పడుకునే ఆరో తరగతి చెల్లెళ్ల కోసమైనా, ఎండలు ముదరకముందే సున్నం వేయించమని మేడంలను అడుగుదాం. కుంచె పట్టడానికి నేను ముందుంటా. మీరు?

– తొమ్మిదో తరగతి విద్యార్థిని