గుర్తు పెట్టవలసింది ఎవరు?

ఉత్తరంలో ఒక విరామ చిహ్నం తప్పినా చదివేవారు అర్థం చేసుకుంటారు. కంప్యూటరు అలా సర్దుకుపోదు. అందువల్ల ప్రోగ్రాం రాయడం కొత్తగా నేర్చుకునేవారు ప్రతి గుర్తునూ తమ చేతితోనే పెట్టాలని నా అభిప్రాయం. ఎడిటరు దానంతట అదే గుర్తులు చేర్చే సౌకర్యాన్ని మొదట్లో ఆపివేయడం మంచిది. కారణాలు చూడండి.

పైథాన్ భాషలో ఒక మాటను తెరమీద చూపించాలంటే ప్రింట్ అనే ఆజ్ఞ రాసి, బ్రాకెట్లలో కొటేషన్ గుర్తుల మధ్య ఆ మాటను ఉంచాలి. ఆ గుర్తులు " " ఇలా నిలువుగా ఉండాలి. ఇదే వరుసను ఉత్తరాలు టైపుచేసే సాఫ్ట్‌వేర్‌లో రాస్తే, చాలావాటిలో అవి “ ” ఇలా వంపు తిరుగుతాయి. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్లలోనూ ఈ ఏర్పాటు ఉంది. పుస్తకానికి వంపు గుర్తులే అందం. ప్రోగ్రాంకు మాత్రం అవి వేరే అక్షరాలు. యూనికోడ్ పట్టికలో నిలువు గుర్తు సంఖ్య 34. వంపు గుర్తుల సంఖ్యలు 8220, 8221. 1963లో తొలిసారి ప్రకటించిన ఆస్కీ పట్టికలో 128 స్థానాలే ఉన్నాయి. వాటిలో వంపు గుర్తులకు చోటు లేదు. చాలా ప్రోగ్రామింగ్ భాషలు ఆ పట్టికలోని గుర్తులతోనే ఏర్పడ్డాయి. అందుకే వంపు గుర్తు ఎదురుకాగానే పైథాన్ ‘సింటాక్స్ ఎర్రర్’, అంటే వాక్యనిర్మాణ దోషం ఉందని చెప్పి ఆగిపోతుంది.

రెండో చిక్కు బ్రాకెట్లది. మీరు ( అని కొట్టగానే చాలా ఎడిటర్లు పక్కనే ) చేరుస్తాయి. అది గమనించక, వరుస చివర దాని తరువాత మీరు మరొకటి పెడితే కొన్నిసార్లు ఒక బ్రాకెట్ ఎక్కువవుతుంది. మళ్లీ అదే దోషం.

పగలు పనిచేసి రాత్రి ఒక గంట చదువుకునేవారికి ఆ గంట విలువైనది. తాము పెట్టని గుర్తు వల్ల అది వృథా అయితే, “ఈ విద్య నాకు రాదు” అనుకుని మానేసే ప్రమాదం ఉంది. తప్పు యంత్రానిది, నింద అభ్యాసకునిది!

ఈ సౌకర్యం వల్ల సమయం కలిసివస్తుందని అనుభవజ్ఞులు అంటారు. నిజమే. కాని ఎక్కాలు వచ్చినవారే కాలిక్యులేటరులో తప్పు మీట నొక్కితే పట్టుకోగలరు. గుర్తులు చేతికి అలవాటైనవారే ఎడిటరు చేసిన తప్పును కనిపెట్టగలరు. కనుక ముందు అలవాటు, తరువాతే సౌకర్యం. ఎడిటర్లు తయారుచేసేవారు కూడా కొత్తవారిని అడిగిన తరువాతే ఈ సౌకర్యం ఇవ్వాలి.

అంతవరకు మీరు ప్రోగ్రాంను సాదా టెక్స్ట్ ఎడిటరులోనే రాయండి. సెట్టింగులలో ఈ సౌకర్యాన్ని ఆపండి. దోషం చూపినప్పుడు ఆ వరుసనూ, దాని పై వరుసనూ ఒక్కొక్క గుర్తు చొప్పున చదవండి. తెరిచిన ప్రతి బ్రాకెట్‌కూ మూసినది ఒకటి ఉందా? లెక్కపెట్టండి.

ఆలోచించండి: ఈ అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా? మీ కారణాలను ఐదు వాక్యాలలో రాయండి.