వాళ్ల నిర్లక్ష్యానికి మన బిల్లు

తీగలో కరెంటు పారితే కొంత వేడిగా పోతుంది. దాన్ని ఎవరూ ఆపలేరు, వాడుకునేవాళ్లందరం పంచుకుందాం. కానీ ఆపగలిగిన నష్టాన్ని కూడా అందులోనే కలిపేసి, బిల్లు కట్టేవాడి నెత్తిన రుద్దడం ఏం న్యాయం?

మా ఊరి చివరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వచ్చి చూడండి. ఫ్యూజు ఉండాల్సిన చోట మెలేసిన అల్యూమినియం తీగ. వదులైన జాయింట్ల దగ్గర రాత్రిళ్లు నిప్పురవ్వలు. చివరి మోటారుకు చేరేసరికి వోల్టేజీ చాలదు. తీగలో కరెంటు రెట్టింపైతే నష్టం నాలుగింతలవుతుందని ఇంజినీర్లకు తెలియదా? ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ కావాలని అర్జీలు పెట్టాం. ‘ఎస్టిమేటు పంపాం’ అన్నదే జవాబు. ఈలోగా మోటార్లు కాలుతున్నాయి. రీవైండింగ్ ఖర్చు రైతుది, తీగలో పోయిన కరెంటు ఖర్చు వినియోగదారులందరిదీ. బాగుచేయాల్సినవాళ్లకు మాత్రం పైసా ఖర్చు లేదు!

అంతర్రాష్ట్ర లైన్లలో పోయే కరెంటును వారం వారం లెక్కగట్టి, 2020 నవంబరు 1 నుంచి దేశమంతటికీ ఒకే సగటుగా పంచుతున్నారు. అక్కడ మీటర్లున్నాయి కాబట్టి నష్టమెంతో తేలుతోంది. ఊళ్లోకి వచ్చేసరికి ఆ లెక్క ఏమైపోతోంది? మీటరు లేకుండా సరఫరా ఇవ్వకూడదని, రెండేళ్లలో అందరికీ పెట్టాలని 2003 విద్యుత్ చట్టం 55వ సెక్షన్ చెప్పింది. తెలంగాణలో లక్షలాది పంపుసెట్లకు నేటికీ మీటర్లు లేవు. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల మీటర్లు చూసి, మిగతా వాటి వాడకాన్ని అంచనా కడతారు. ఆ అంచనా కాస్త పెంచితే చాలు, నష్టం కాగితం మీద తగ్గిపోతుంది. ఎవరో కొక్కేలేసి లాక్కున్న కరెంటు కూడా రైతు ఖాతాలో పడుతుంది. ఆపైన, ఉచిత కరెంటే కొంప ముంచిందని నింద కూడా ఆ రైతుకే!

మోటారుకు మీటరు పెడితే ఉచితం పోతుందని రైతు భయపడుతున్నాడు. ఆ భయంలో అర్థముంది. అయితే ప్రతి వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్‌కూ మీటరు పెట్టడానికి అడ్డెవరు? ఫీడరు దగ్గర ఎంత బయల్దేరిందో, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎంత దిగిందో నెలనెలా సబ్‌స్టేషన్ గోడ మీద రాయడానికి ఏం కష్టం? ఏటా విద్యుత్ నియంత్రణ కమిషన్ జరిపే బహిరంగ విచారణలకు జనం కూలీ పోగొట్టుకుని వస్తున్నారు, గొంతు చించుకుని అడుగుతున్నారు. విని పక్కన పెట్టడానికా ఆ విచారణలు?

కమిషన్ పెట్టిన నష్ట పరిమితి దాటిన ప్రతి యూనిట్‌నూ కరెంటు పంచే డిస్కమే భరించాలి. సర్దుబాటు పేరుతో అందులో ఒక్క పైసా కూడా మా బిల్లులోకి రాకూడదు. తీగలు బిగించే పని మీది, చేయండి. చేయకపోతే ఆ ఖర్చు మీరే కట్టండి!