అరచేతిలోని రచ్చబండ

కొబ్బరితోటల నీడకును, కాలువల చలువకును, అతిథిమర్యాదకును పేరొందిన కోనసీమ కలహము లెరుగని సీమ యని మనము చిరకాలము చెప్పుకొంటిమి. పేటలయందు వసించువా రా మాటను పూర్తిగ నంగీకరింపకపోవచ్చును. వారి యనుభవము వేరు. 2022 మే 24వ తేదీని అమలాపురమున లేచిన మంటలు మాత్ర మా మాటను అందరి యెదుటను వమ్ము గావించినవి. ఆ మంటలు చల్లారినను, వానిని రగిల్చుటకు దోడ్పడిన సాధనము నేటికిని ప్రతి యరచేతియందు నున్నది. కావున నీ విషయమును బాఠకుల యెదుట నుంచుట మా విధి యని తలంచుచున్నాము.

జరిగిన దేమి? ఆ యేటి ఏప్రిల్ 4వ తేదీని కోనసీమ ప్రత్యేక జిల్లాగ నేర్పడెను. మే 18వ తేదీని ప్రభుత్వమువారు జిల్లా పేరునకు ముందు డాక్టరు బి.ఆర్. అంబేద్కరు నామమును జేర్పదలచి ప్రాథమిక ప్రకటన గావించి, ఆక్షేపణలకు 30 దినముల గడువొసంగిరి. అం దారు దినములు గడచునప్పటికే జనసమూహము కలెక్టరు కచేరివైపు కదలెను. నాటి మంత్రి శ్రీ పినిపే విశ్వరూప్ గారి యిల్లును, నాటి ముమ్మిడివరము శాసనసభ్యులు శ్రీ పొన్నాడ సతీష్‌కుమార్ గారి యిల్లును అగ్గిపాలైనవి. బస్సులు దగ్ధమైనవి, పోలీసులు గాయపడిరి. వాట్సాప్ సందేశములను బరిశీలించి పెక్కండ్రు నిందితులను గుర్తించితిమని పోలీసువారే పిదప ప్రకటించిరి.

పూర్వము జనులను గూర్చవలెనన్న దండోరా వేయింపవలెను, లేదా కరపత్ర మచ్చొత్తింపవలెను. దండోరా వేసినవాని నూరెల్ల నెరుగును. కరపత్రముపై ముద్రాపకుని పేరును, ముద్రణస్థలమును ఉండవలెనని 1867 నాటి చట్టము శాసించెను. ఆ చట్టమును పరప్రభుత్వము తన యవసరమునకే చేసినను, మాటకు కర్త యుండవలెనను ధర్మ మందు గలదు. నేటి సందేశమునకు కర్త లేడు. పంపినవా డున్నాడు, అతనికి పంపినవాడు మరొక డున్నాడు. 2018లో వాట్సాప్ సంస్థవారు మన దేశమున నొక సందేశమును ఒక్కమారు అయిదు చోట్లకు మించి పంపరాదని కట్టడి చేసిరి. మంచిదే. కాని అయిదుగురు అయిదేసి మందికి బంపుచు బోయిన, అయిదవ మెట్టున నది 3,125 మందికి జేరును. అం దొక్కొక్కటి వందలమంది గల బృందమైన, ఆ లెక్క చెప్ప నలవిగాదు.

అంతకన్న నపాయకరమైనది వేరొకటి గలదు. రచ్చబండపై వాదించునప్పుడు ప్రతివాది యెదుటనే కూర్చుండును. అబద్ధమాడిన, "అట్లుగాదు" అని యొకడైనను లేచును. మరునాడు కాలువగట్టున వానినే కలిసికొనవలెను. కావున నోటికి హద్దుండును. కులమునకొక బృందము, పార్టీకొక బృందము నేర్పడినచోట ప్రతివాది లేడు. అందరు నొకే మాట యందురు. అందరు నన్నది గావున నిజమని యెంతురు. యూట్యూబు, ఫేస్‌బుక్కు లన్ననో, మనము దేనిని చూచి నిలిచితిమో దానివంటిదానినే మరల మరల జూపును. పేటలోని పొరుగువాని మాట వినకయే వానినిగూర్చి దృఢాభిప్రాయ మేర్పడుచున్నది.

ఇందుకు ప్రతిక్రియగ నాడు ప్రభుత్వమువారు జిల్లాలో దినములతరబడి మొబైలు ఇంటర్నెట్టును నిలిపివేసిరి. వదంతుల నరికట్టుటకు దక్షణోపాయము కావలసియుండవచ్చును. కాని గల్ఫు దేశములందున్న కుమారుని ముఖమును ఫోనులో జూచుకొను రాజోలు తల్లియు, ఇంటనుండి యుద్యోగము జేసికొను కొత్తపేట యువకుడును జేసిన నేరమేమి? పత్రికల నోరు నొక్కిన పరపాలనను నిరసించిన మనము, స్వపరిపాలనలోని నిర్బంధమును సులభముగ నంగీకరింపరాదు. నిరవధికముగ ఇంటర్నెట్టును నిలుపుట చెల్లదనియు, ఉత్తరువులను బ్రకటింపవలెననియు సుప్రీంకోర్టు 2020 జనవరి 10వ తేదీని కాశ్మీరు వ్యవహారమున తీర్పు చెప్పియున్నది.

తాళము వేయుట ప్రభుత్వముచే నగును; వివేకము నేర్పుట దానిచే గాదు. అది గ్రామములందలి పెద్దల పని. మే నెల యా యారు దినములును ఎందరు పెద్దమనుష్యులు తమ ఫోనులందు విషవాక్యములను జూచి, "మనకెందుకు" అని యూరకుండిరో వారి యంతరాత్మలకే యెరుక. సభలో మౌనము సమ్మతి యగునట్లే బృందములోను నగును. కర్త తెలియని సందేశమును ముందునకు బంపకుడు. అబద్ధమని తోచినచో నక్కడనే, మీ పేరుతోనే, కాదని వ్రాయుడు. పేటయు వీథియు గలిసిన గ్రామబృందము నొకదానిని మీరే యేర్పరుపుడు.

ఆ యేడే జూను నెలలో మంత్రివర్గ మా పేరునే యామోదించెను. అంబేద్కరు మహాశయుడు 1949 నవంబరు 25వ తేదీని రాజ్యాంగసభలో నుపన్యసించుచు, రాజ్యాంగమార్గములు తెరచియుండగా నితర మార్గములు బట్టుట తగదని హెచ్చరించెను. 30 దినముల గడువు అట్టి తెరచిన మార్గమే. ఆయన పేరు వలదన్నవారికిని, వలయునన్నవారికిని ఆ హెచ్చరిక సమానముగ వర్తించును. పేరు బోర్డులమీద నిలిచినది; ఆ బోధ మన యరచేతులలో నిలువవలసియున్నది.