‘రాణిఖేత్’ అని రాసి ఊరుకోకండి

తమిళనాడు పశుసంవర్ధక శాఖ మంత్రిగారికి, తిరువళ్లూరు జిల్లా కలెక్టరు గారికి,

అయ్యా,

ఏటా ఫిబ్రవరిలో మీ శాఖ వాళ్లు ఊరూరా తిరిగి పెరటి కోళ్లకు కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకా ఉచితంగా వేస్తున్నారు. మంచి పని. ఆ తర్వాత కూడా ఎక్కడైనా కోళ్లు మెడలు మెలితిరిగి, పచ్చగా పారి చచ్చిపోతే, పరీక్షలో ‘రాణిఖేత్’ అని తేలినంత మాత్రాన చాలదని చెప్పడానికే ఈ లేఖ.

ఎందుకు చాలదంటే, కోడిని చంపేదీ రాణిఖేత్ వైరసే, టీకా సీసాలో బతికి ఉండేదీ రాణిఖేత్ వైరసే. తేడా అంతా వాటి ప్రోటీన్లలో ఉంది. కోడి కణంలోకి చొరబడాలంటే వైరస్ పైనున్న ఎఫ్ ప్రోటీన్ రెండుగా తెగాలి. తెంచేది కోడి ఒంట్లోని ఎంజైములే. లసోటా టీకాలో ఉండేలాంటి సాధు వైరస్‌లో కోతపడే చోటును శ్వాసనాళంలో, పేగుల్లో ఉండే ఎంజైములు మాత్రమే తెంచగలవు. కాబట్టి అది అక్కడే ఆగిపోతుంది. ఉగ్ర వైరస్‌లో అదే చోట ఆర్జినిన్, లైసిన్ అనే అమైనో ఆమ్లాలు గుంపుగా ఉంటాయి. దాన్ని ఒళ్లంతా ఉండే ఫ్యూరిన్ అనే ఎంజైము తెంచేస్తుంది. ఇక మెదడు దాకా దారి తెరిచినట్టే. ఎఫ్ ప్రోటీన్‌లో 112 నుంచి 117 వరకు, ఆరే ఆరు స్థానాల్లో ఇంత తేడా.

అయితే ఆ ఆరు స్థానాలు చదివితే కథ తేలిపోతుందనుకోవద్దు. 1999లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు లసోటాలో ఆ చోటును ఉగ్ర వైరస్‌లో ఉన్నట్టు మార్చి చూశారు. 0 నుంచి 2 దాకా ఉండే తీవ్రత కొలతలో అది 1.28 దగ్గరే ఆగింది. మిగతా ఉగ్రత ఎక్కడుంది? అమెరికాలోని మేరీలాండ్‌లో మన ఒడిశాకు చెందిన సిబా సామల్ బృందం రెండు వైరస్‌ల హెచ్‌ఎన్ ప్రోటీన్లను అటూ ఇటూ మార్చితే తీవ్రత కూడా మారింది. కణానికి అతుక్కునేది ఆ ప్రోటీనే. వీ ప్రోటీన్ పని ఇంకా తెలివైనది: కోడి తొలి రక్షణ అయిన ఇంటర్‌ఫెరాన్‌ను పనిచేయనివ్వదు. వీ ప్రోటీన్‌ను చెడగొడితే వైరస్ నీరసపడింది. వైరస్ నకళ్లు తీసే ఎల్ ప్రోటీన్‌కూ ఇందులో పాత్ర ఉంది.

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, మన పెద్ద కోళ్లకు రెక్క దగ్గర సూదితో వేసే ఆర్2బీ టీకా వైరస్ 1940లలో ముక్తేశ్వర్‌లో ఒక క్షేత్ర వైరస్‌ను గుడ్లలో పదేపదే పెంచి మెత్తబరిచినది. కోతపడే చోటు వరకే చూస్తే అదీ ఉగ్ర వైరస్ లెక్కలోకే వస్తుంది! అందుకే దాన్ని కోడిపిల్లలకు వేయరు. టీకా శిబిరం ముగిశాక కోళ్లు చనిపోతే ఆ ఆరు స్థానాలు చూసి టీకాను నిందించి, ఊళ్లో తిరిగే అసలు వైరస్‌ను వదిలేసే ప్రమాదం ఉంది. ఎఫ్ జన్యువును పూర్తిగా చదివితే ఈ గొడవ ఉండదు. లసోటా రెండో జన్యురకం, ఆర్2బీ మూడోది, మన దేశంలో తిరిగేవాటిలో పదమూడోది ముఖ్యమైనది. పాత టీకాలు దాని నుంచి ప్రాణం కాపాడతాయి కానీ, టీకా పడిన కోడి వైరస్‌ను వెదజల్లకుండా పూర్తిగా ఆపలేవు. ఆరోగ్యంగా కనిపించే అలాంటి కోడిని సంతకు తీసుకెళ్తే చాలు, వైరస్ పాకుతుంది.

టీకా తయారుచేసే పశువైద్య నివారణ సంస్థ రాణిపేటలో ఉంది. పశువైద్య విశ్వవిద్యాలయం మాధవరంలో ఉంది. ఒకటి మనకు పడమట, ఒకటి తూర్పున. అన్నీ చేతికందే దూరంలోనే ఉన్నాయి.

జిల్లాలో టీకా పడ్డాక కూడా కోళ్లు గుంపుగా చనిపోయిన ప్రతిచోటా నమూనా తీసి, ఎఫ్ జన్యువును మాధవరంలో చదివించే ఉత్తర్వు ఇవ్వండి. ఫలితాన్ని రాణిపేటకూ, సరిహద్దు అవతలి ఆంధ్ర పశుసంవర్ధక శాఖకూ పంపండి. 1960లో తిరుత్తణి ఇటు చేరింది గానీ నగరి, పుత్తూరులతో కోళ్ల రాకపోకలు ఆగలేదు. కోళ్లు పోగొట్టుకున్న మనిషికి కూడా ఆ ఫలితం చెప్పండి, తమిళంలోనూ తెలుగులోనూ. వచ్చే ఫిబ్రవరి శిబిరానికి ముందే ఈ ఉత్తర్వు వెలువడాలని కోరుతూ,

మణవాళనగర్ నుంచి
ఒక కోళ్ల పెంపకందారు